నిజం కుప్ప, అబద్ధం కుప్ప

హనుమంతమ్మ టీచర్ మా షాపులోకి అడుగు పెట్టగానే ముందు ఫ్యాన్ ఆపేస్తుంది. కరెంటు మిగులుతుందని కాదు. ఫ్యాన్ గాలికి ఆమె చేతిలోని కాగితాలు ఎగురుతాయి, వాటిని ఏరుకునేలోపు ఆమెకు ఇంకో ఆలోచన వస్తుంది, వచ్చిన పని మర్చిపోతుంది. కుర్చీ వేస్తే దాని మీద హెల్మెట్ పెడుతుంది గానీ తను కూర్చోదు. మాట్లాడుతూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తుంది. మాదేమో అగ్గిపెట్టెంత షాపు. ఆమె నడుస్తుంటే బోనులో పులిని పెట్టుకుని వ్యాపారం చేస్తున్నట్టుంటుంది.

నేను హిందూపురంలో ఫ్లెక్సీలు వేసే షాపులో డిజైనర్ని. నాకు ఫోటోషాప్ నేర్పిన గురువు ఎవరూ లేరు, సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పుట్టినరోజు ఫ్లెక్సీలో బక్కపల్చటి మనిషికి కండలు పెట్టాలన్నా, అలిగి పెళ్లికి రాని బావను పెళ్లి ఫోటోలో నిలబెట్టాలన్నా జనం నన్నే వెతుక్కుంటూ వస్తారు. మూడో తరగతిలో హనుమంతమ్మ నాకు టీచర్. ఆ ఏడాదంతా నా చెవి నా దగ్గర కంటే ఆమె వేళ్ల మధ్యే ఎక్కువగా ఉండేది. ఇప్పటికీ ఓనరు ముందు, కస్టమర్ల ముందు, ఎవరి ముందైనా సరే, "రేయ్ జయచంద్రా" అనే పిలుస్తుంది. నాకు మీసాలొచ్చిన సంగతి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆమెది రామగిరి. నాయన చౌడప్ప అక్కడి బంగారు గనిలో కూలి. ఆ గని మూతపడి ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఆమె చిన్నప్పుడు బళ్లో ఒక బొమ్మల పుస్తకం ఉండేదట. అందులో గని బొమ్మ, గోడల్లో గుమ్మడికాయలంత బంగారు ముద్దలు, ధగధగా మెరుపులు. ఆ పిల్ల ఇంటికి పోయి, "నాయనా, ఒక్క ముద్ద తేకూడదా?" అని ఏడ్చింది. చౌడప్ప నవ్వి, "నేను దిగినప్పట్నుంచీ రాయే చూస్తాండా గానీ బంగారం కంటితో చూసిన పాపాన పోలేదు పాపా. రాయి పైకి పంపుతాం. బంగారం తీసేది ఇంకెవురో" అన్నాడట. పుస్తకం నిజమా, నాయన నిజమా? ఆ చిక్కు ఆ పిల్ల బుర్రలో అలాగే ఉండిపోయింది. పెరిగి టీచరై, గుడిబండ, రొళ్ల తిరిగి, చివరికి పెనుకొండ అవతల, హైవే దిగి లోపలికి పోయే ఒక చిన్న ప్రాథమిక బడిలో పడింది. హిందూపురం నుంచి రోజూ స్కూటీ మీద పోయి వస్తుంది. స్కూటీకి బ్రేకులున్న విషయం కూడా ఎవరూ చెప్పలేదనుకుంటాను.

ఒకరోజు సాయంత్రం వచ్చి ఫ్యాన్ ఆపి, హెల్మెట్ కుర్చీలో పడేసి, "రేయ్, నువ్వు తిమింగలాన్ని చూసినావా?" అంది.

"ఈడ హిందూపురంలోనా మేడం?"

"యాడైనా."

"ల్యా. మీరు?"

"నేనూ చూడల్యా. మరి అది ఉండాదని నీకు ఎవురు చెప్పినారు?"

"మూడో తరగతిలో మీరే చెప్పినారు కదా మేడం."

తల పట్టుకుంది. ఆ తర్వాత జరిగింది చెప్పింది. నాలుగో తరగతి పిల్లలకు పంటల బొమ్మల పుస్తకం చూపిస్తోందట. నున్నటి కాగితం, మంచి రంగులు. ఒక పేజీలో శెనక్కాయ చెట్టు ఉంది. చింతకాయల్లాగా కొమ్మలకు గుత్తులు గుత్తులుగా శెనక్కాయలు వేలాడుతున్నాయి. కింద ఒక పిల్లవాడు బుట్ట పట్టుకుని నవ్వుతూ కోసుకుంటున్నాడు. క్లాసంతా పడి పడి నవ్వింది. నడవడం వచ్చినప్పట్నుంచి మట్టిలోంచి శెనక్కాయ పీకిన పిల్లలు వాళ్లు. జాన్ అనే వాగుడుకాయ లేచి, "మేడం, ఈ చెట్టు యాడ దొరుకుతాదో కనుక్కోండి మేడం, మా యమ్మకు నడుం వంచే పని తప్పుతాది" అన్నాడు. హనుమంతమ్మ కూడా నవ్వింది. అప్పుడు హరిత చెయ్యెత్తింది. గొర్లు మేపే ఇంటి పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"మేడం, మొన్న చూపించిన తిమింగలం పుస్తకం ఏసింది కూడా వీళ్లేనా?"

హనుమంతమ్మ రెండు అట్టలూ తిప్పి చూసింది. అవును, వాళ్లే.

"శెనక్కాయే తెలీనోళ్లకు తిమింగలం ఎట్ల తెలుస్తాది మేడం?"

బెల్లు కొట్టేదాకా టీచర్ ఆ అట్టలే తిప్పుతూ ఉంది. స్కూటీ మీద హిందూపురం దాకా వచ్చినా జవాబు దొరకలేదు.

"ఇన్నేండ్లు పుస్తకం ఎత్తి చూపించి, ఇదిగో ఇది ఇట్ల ఉంటాది అని చెప్తా వచ్చినా. ఎవురూ అడగల్యా. అడిగేటోళ్లు ల్యాక నేను నిజమే చెప్తాండా అనుకున్యా" అంటూ ప్రింటరు దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఇప్పుడు ఏం చెయ్యల్ల రేయ్?"

"తిమింగలాన్ని తెప్పిద్దాం మేడం. లేపాక్షి మీదుగా వస్తాది, హైవే బాగుండాది."

చెవి కోసం చెయ్యి చాచింది. అప్పటికే నేను ప్రింటరు వెనక్కి చేరుకున్నాను.

తర్వాతి వారం క్లాసు గోడ మీద సుద్దముక్కతో కొన్ని ప్రశ్నలు రాసింది. ఈ పుస్తకం రాసిందెవరు? వాళ్లు కళ్లారా చూశారా, ఎవరన్నా చెబితే విన్నారా? ఇది ఫోటోనా, గీసిన బొమ్మా? మనం ఇంకెవరిని అడిగితే తెలుస్తుంది? కథల పుస్తకాలకు ఈ గొడవ లేదు, కథలో కుందేలు మాట్లాడొచ్చు. కానీ 'ఇది నిజం' అని చెప్పే ఏ పుస్తకమైనా ముందు ఈ గోడ దగ్గర నిలబడి జవాబు చెప్పుకోవాల్సిందే. శనివారం ఆఖరి పీరియడ్‌ను దానికోసం హెడ్మాస్టరుతో పోట్లాడి తీసుకుంది.

హెడ్మాస్టరు నారాయణప్ప మంచాయనే. కాకపోతే ఆయన దగ్గర ఒక చిరుత కథ ఉంది. పెనుకొండ కొండ మీద పొద్దున్నే తనకు చిరుత ఎదురైందని, కళ్లలోకి చూస్తే తోక ముడుచుకుని పోయిందని, ప్రతి ఏడాదీ ప్రార్థనలో చెబుతాడు. ఆ ఏడాది కథ సగంలో ఉండగా జాన్ చెయ్యెత్తాడు.

"సార్, మీరే చూసినారా? ఎవురన్నా చెప్తే విన్యారా?"

"నేనే చూసినా రా నాయనా!"

"మీతో ఎవురన్నా ఉన్యారా సార్? వాళ్లను అడిగితే తెలుస్తాదా?"

నారాయణప్ప సార్ అటెన్షన్‌లో నిలబడి, "జాతీయ గీతం పాడండి" అన్నాడు.

అప్పట్నుంచి ఆయనకు ఆ ప్రశ్నలంటే కంపరం. సరిగ్గా అప్పుడే, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒకాయన, బడి ఉన్న ఊరివాడే, తను చదివిన బడికి బొమ్మల పుస్తకాలు కొనిస్తానని కబురు పెట్టాడు. ధర్మవరంలో పుస్తకాలమ్మే రఘునాథ్ దగ్గర బడుల కోసం తయారుగా కట్టిపెట్టిన కట్టలుంటాయి. నారాయణప్ప సార్‌కు ఆ కట్ట చాలు.

"కట్ట వస్తాది, సంతకం పెడ్తాం, బీరువాలో పెడ్తాం. అయిపోయె" అన్నాడు.

"బీరువాలో పెట్టేదానికా సార్ పుస్తకాలు?"

"బీరువా ఇచ్చిందే దానికి కదమ్మా."

హనుమంతమ్మ వరండాలో ఆ చివరికి పోయి ఈ చివరికి వచ్చి, "పిల్లోళ్లే ఏరుకుంటారు సార్. చదివేది వాళ్లు కదా. ఏది మంచిదో, ఏది ఉత్తుత్తిదో కనిపెట్టేది నేర్చినారు" అంది.

నారాయణప్ప సార్ మీసం నిమిరాడు. "సరే మేడం. ధర్మవరానికి తీసకపోదాం. వీళ్లు నాలుగు మంచి పుస్తకాలు ఏరితే, ఇంక ఎప్పుడొచ్చినా వాళ్లనే ఏరుకోమందాం. పిచ్చి పిచ్చివి ఏరుకొస్తే మాత్రం కట్టే తీసుకుంటాం. శనివారం పీరియడ్ మళ్లీ ఎక్కాలకు పోతాది. గోడకు సున్నం కొట్టిస్తా. ఒప్పుకుంటారా?"

ఒప్పుకుంది. ఒప్పుకున్న గంటలో షాపుకొచ్చి ఫ్యాన్ ఆపేసింది.

"ఎక్కాలు నేర్పేదానికి నాకేం బాధ ల్యా. పన్నెండో ఎక్కం నిద్దట్లో చెప్తారు నా పిల్లోళ్లు. ఆ పీరియడ్ పోతే మళ్లీ పుస్తకం చూపించి, ఇదిగో ఇది అని చెప్పల్ల. అది నాతో కాదు. రేయ్, నువ్వు బడికి రా. ఫోటోలు ఎట్ల మారుస్తారో చూపించు. ఫోటో అంటే కండ్లు మూసుకుని నమ్ముతాండారు."

లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లాను. ఇలాంటి పనికి నన్ను ఎవరైనా బతిమాలాలా? పిల్లల కళ్ల ముందే నారాయణప్ప సార్ ఫోటో తీసుకుని, తిమింగలం మీద ఎక్కించి, తిమింగలాన్ని పెనుకొండ బస్టాండులో దించాను. కండక్టరు టికెట్ అడుగుతున్నట్టు కూడా పెట్టాను. పిల్లలు బెంచీల కింద పడి దొర్లారు. హరిత మాత్రం స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయింది.

"అన్నా, ఎవురి ఫోటోనైనా ఇట్ల మార్చొచ్చా?"

"ఎవురిదైనా."

"మార్చింది ఏదో, మార్చనిది ఏదో చూస్తానే తెలుస్తాదా?"

"బాగా చేస్తే తెలీదు. నేను బాగా చేస్తా" అన్నాను.

హరిత తలూపింది. హనుమంతమ్మ మెరిసిపోయింది. నారాయణప్ప సార్ తలుపు దగ్గర నిలబడి తిమింగలం మీద తనను తాను చూసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం మాత్రం నన్ను పక్కకు పిలిచి, "అబ్బా, అది నా ఫోనుకు పంపు" అన్నాడు.

ఆగస్టులో ఒక శనివారం పెనుకొండలో రైలెక్కాం. మబ్బులు ఉన్నాయి, ఎప్పట్లాగే పైనుంచి మమ్మల్ని చూసుకుంటూ ఎవరి ఊరికో పోతున్నాయి. నాలుగో తరగతి పిల్లలు, హనుమంతమ్మ, నారాయణప్ప సార్, నేను. నేనెందుకని హనుమంతమ్మను అడిగితే, "ఎవురన్నా తప్పిపోతే వెతికేదానికి దొంగబుద్ధి ఉండేటోడు కావల్ల" అంది. డబ్బాలోకి సమోసాలాయన వచ్చాడు. పిల్లలు చుట్టుముట్టారు.

"ఇవి నువ్వే చేసినావా, ఎవురన్నా చేసిస్తే అమ్ముతాండావా?"

"ఈ పొద్దువే అని మాకు ఎట్ల తెలుస్తాది?"

"ఇంకెవురిని అడగల్ల?"

ఆయన గంప ఎత్తుకుని, "మేడం, వీళ్లు పోలీసోళ్ల పిల్లోళ్లా?" అని పక్క డబ్బాలోకి పరుగుతీశాడు. హనుమంతమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ నవ్వుకుంది గానీ, కొంగు చివర వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. ధర్మవరం వచ్చేసరికి ఆ చివర తాడైపోయింది.

రఘునాథ్ గోడౌన్‌లో చాపలు పరిచి పుస్తకాలన్నీ బయటపెట్టాడు. పైన రేకులు, లోపల ఉడుకు. పక్క సందులోంచి మగ్గాల టకటక. హనుమంతమ్మ చాప మీద రెండు చోట్లు చూపించి, "ఇది నిజం కుప్ప, ఇది అబద్ధం కుప్ప. గోడ మీద రాసినవి గ్యాపకం ఉండాయి కదా? కానీండి" అంది. మేము పిల్లలకు మాట సాయం కూడా చెయ్యకూడదని హెడ్మాస్టరు షరతు. నోరు మూసుకుని నిలబడ్డాం. నాకు అది బడికెళ్లిన రోజుల్లో కూడా చేతకాలేదు.

మొదట్లో బాగానే సాగింది. ఆవుకు కొమ్ములు చెవుల కిందనుంచి వచ్చినట్టు గీసిన పుస్తకాన్ని జాన్ పట్టేశాడు. రాసినవాళ్ల పేరే లేని పుస్తకాన్ని ఇంకొకరు పక్కకు తోశారు. నారాయణప్ప సార్ కూడా 'పర్లేదే' అన్నట్టు చూశాడు. తర్వాత మంచుకొండల పుస్తకం వచ్చింది.

"పిండి చల్లి ఫోటో తీసినారు" అన్నాడు జాన్. అబద్ధం కుప్ప.

అగ్నిపర్వతం. "జయచంద్రన్న చేసే మాదిరి చేసినారు." అబద్ధం కుప్ప.

నీళ్ల అడుగున వెలిగే చేపలు. "బల్బులు పెట్టినారు." అబద్ధం కుప్ప.

హనుమంతమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వానల ఊరి పుస్తకం వచ్చింది. మేఘాలయ అనే చోట ఏడాదిలో సగం దినాలకు పైగా వాన పడుతుందని, అక్కడ చెట్ల వేర్లను పెంచి వాగుల మీద వంతెనలు కట్టుకుంటారని రాసి ఉంది. అన్నీ ఫోటోలే. ఆ వేర్ల వంతెన మీద విడిగా ఇంకో పుస్తకం కూడా ఉంది. పిల్లలు గుమిగూడి చదివారు. ఒకటే నవ్వు. శెనక్కాయ చెట్టుకు కూడా అంత నవ్వి ఉండరు.

"సగం దినాలు వానంట!"

"అన్ని దినాలు పడ్తే చేన్లో శెనక్కాయ కుళ్లిపోదా? ఏం తింటారంట వాళ్లు?"

"మా చేనుకు మొన్న మబ్బు పట్టి, మా నాయన ఇత్తనం ఏసినంక ఎల్లిపాయ. వానంటే అట్ల ఉంటాది. వీళ్లకు వానే తెలీదు" అని ఒక పిల్ల తేల్చేసింది.

రెండు పుస్తకాలూ అబద్ధం కుప్పలో పడ్డాయి. హరితే వేసింది.

అంతా అయ్యాక నిజం కుప్పలో మిగిలినవి ఇవి: మేక, కోడి, రాగి పైరు, ఎద్దులబండి, చీమ. నారాయణప్ప సార్ వచ్చి ఆ కుప్పను ఒక్కొక్కటే తిరగేశాడు. నేను వెటకారం కోసం ఎదురుచూశాను. ఆయన వెటకారం చేయలేదు.

"మేడం, వీళ్లకు తెలిసినవే తీసుకున్యారు. తెలీందంతా అబద్ధమన్యారు. తెలిసిందే చదివేదానికి పుస్తకం ఎందుకమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆ మాటలో తప్పులేదు. అదే బాధ. రఘునాథ్ అప్పటికే తయారు కట్ట తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. రైలుకు టైమవుతోందని సార్ గడియారం చూసుకున్నాడు. హనుమంతమ్మ చాపల మధ్య సందుల్లో తిరగడం మొదలుపెట్టింది. నేను దగ్గరికి పోయి, "మేడం, ఆ వాన పుస్తకం నిజమని ఒక్క మాట చెప్పండి. అయిపోతాది" అన్నాను.

"చెప్తే నమ్ముతారు రేయ్. అదే నా భయం. టీచర్ చెప్పింది కాబట్టి నిజం. అంటే గోడకు సున్నం నేనే కొట్టినట్టు."

"నేను చెప్తానైతే."

"నువ్వు చెప్తే ఉండేది కూడా పోతాది."

ఇంకో రెండు సార్లు అటూ ఇటూ తిరిగి, ఉన్నట్టుండి వంగి వానల ఊరి పుస్తకం తీసి పిల్లల మధ్యలో పడేసింది.

"సార్, మాట సాయం చెయ్యను. ఒక్క ప్రశ్న అడుగుతా. అడగొచ్చు కదా?"

సార్ తలూపాడు.

"అబద్ధమన్నారు కదా పిల్లోళ్లూ. మంచిది. అబద్ధమైతే చెప్పినోడు ఉంటాడు. ఎంత బాగా చెప్పినా యాడో ఒక చోట కాలు జారుతాది. శెనక్కాయోడు జారల్యా? ఈడు యాడ జారినాడో పట్టుకోండి. దొంగను చూపిచ్చండి."

దొంగ అన్న మాటకు పిల్లలకు పూనకం వచ్చింది. ఇందాక పేజీలు తిప్పినవాళ్లు ఇప్పుడు పేజీలకు ముక్కు ఆనించారు. ఇళ్ల కప్పులు చూశారు, కాళ్ల చెప్పులు చూశారు, కుక్క తడిసిందా లేదా చూశారు. జాన్ ఒక ఫోటోలో నీడ తప్పుందని అరిచి, తర్వాత అది నీడ కాదు మరక అని ఒప్పుకున్నాడు. హరిత మాత్రం ఒకే పేజీ దగ్గర ఆగిపోయింది. పొలంలో వంగి పనిచేస్తున్న ఆడమనిషి ఫోటో అది. తల మీద నుంచి నడుం దాకా, వెదురు, ఆకులతో అల్లిన పెద్ద చిప్పలాంటిది బోర్లించుకుని ఉంది.

"మేడం, వీడు దొంగ కాదేమో."

"ఎట్ల చెప్తావు?"

"అబద్ధం చెప్పేటోడైతే గొడుగు పెట్టింటాడు. వానంటే ఎవురికైనా గొడుగే కదా గ్యాపకమొచ్చేది. గొడుగు పట్టుకుంటే ఈమెకు ఒక చెయ్యి పోతాది. కలుపు తీసేదానికి రెండు చేతులూ కావల్ల. మా అవ్వ గొర్లెంట పోతే తుంపర్లకు తల మీద కంబళి కొప్పేసుకుంటాది. గొడుగు తీసకపోదు. ఇది వానలో దినామూ పని చేసేటోళ్లు చేసుకున్యది మేడం. ఊరికే కూసోని అబద్ధం అల్లేటోడికి ఇది తట్టదు."

జాన్ నా వైపు వేలు చూపించాడు.

"ఈ అన్న మాదిరి తెలివైన దొంగైతే తట్టదా?"

అందరూ నా వైపు తిరిగారు. అబద్ధం చెబుదామనే అనుకున్నాను, అలవాటు కదా. కానీ ఆ చిప్ప వైపు చూశాక నోరు రాలేదు.

"నేనైతే గొడుగే పెడ్తా. ఎర్ర గొడుగు. ఫోటో బాగుంటాది" అన్నాను.

అప్పటిదాకా గడియారం చూసుకుంటున్న నారాయణప్ప సార్ గొంతు సవరించుకున్నాడు. "మా బామ్మర్ది మిలిటరీలో ఉండాడు, షిల్లాంగులో. ఆ మేఘాలయలోనే. బట్టలు ఆరవని చెప్తా ఉంటాడు."

"సార్, మీరే చూసినారా, విన్యారా?" పిల్లలంతా ఒక్క గొంతుతో అడిగారు.

"విన్యా రా నాయనా, విన్యా!" అని ఆయన ఫోన్ తీసి నంబరు కొట్టి స్పీకర్ పెట్టాడు. అవతల నుంచి గరగరమంటూ గొంతు వచ్చింది.

"ఏం బావా, ఈ టయంలో? అందరూ బాగుండారా?"

"బాగుండాం లేరా రవీ. ఆడ వాన పడ్తాందా?"

"ఎప్పుడు నిలిచింది బావా? సాక్సులకు బూజు పట్టింది. దీనికోసమా ఫోన్ చేసినావు?"

"నా బడి పిల్లోళ్లు అడుగుతాండారు. నిన్ను నమ్మల్యా. ఫోన్ బయట పెట్టు."

ఫోన్‌లో చరచరా చప్పుడు మొదలైంది. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. జాన్ చివరికి, "శెనక్కాయలు వేంచుతాండారేమో" అన్నాడు. ఈసారి సార్ కూడా నవ్వేశాడు.

హరిత ఫోన్ దగ్గరికి జరిగింది. "మామా, ఆడ వేర్లతో వంతెనలు ఉండాయంట. మీరు చూసినారా?"

"నేను చూడల్యా పాపా. ఉండాయని చెప్తారు. మాకు లీవు దొరికితే కదా పోయేదానికి."

ఫోన్ పెట్టేశాక హరిత వానల ఊరి పుస్తకాన్ని ఎత్తి నిజం కుప్పలో పెట్టింది.

"ఒక్క ఫోనుకే నమ్మేస్తివా?" అన్నాడు జాన్.

"వంతెన చూడల్యా అన్యాడు కదా. గొప్పలు చెప్పేటోడైతే అదీ చూసినా అంటాడు. చూడంది చూడల్యా అన్యోడు, వాన మాత్రం ఎందుకు అబద్ధమాడ్తాడు?"

నారాయణప్ప సార్ ఆ మాటకు ఎందుకో కప్పు రేకుల వైపు చూడసాగాడు. చిరుత గుర్తొచ్చిందని నా అనుమానం.

హరిత చేతిలో ఇప్పుడు వేర్ల వంతెన పుస్తకం మిగిలింది. నిజం కుప్ప వైపు వంగి ఆగింది. అబద్ధం కుప్ప వైపు తిరిగి ఆగింది. రెంటికీ మధ్య ఖాళీగా ఉన్న చాప మీద పెట్టి, లేచి నిలబడింది. జాన్ కాసేపు దాన్ని చూసి, అబద్ధం కుప్పలోంచి అగ్నిపర్వతాన్ని లాగి దాని మీద పెట్టాడు. ఇంకో పిల్ల వెలిగే చేపలను తెచ్చింది. మంచుకొండలు వచ్చాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చూస్తుండగానే మధ్యలో కుప్ప మిగతా రెంటికంటే పెద్దదైంది. హనుమంతమ్మ గోడకు ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడింది, అవి తనకు తెలియకుండా ఏ పుస్తకాన్ని ముట్టుకుంటాయో అన్నట్టు.

"ఇది ఏం కుప్పమ్మా? నిజమా, అబద్ధమా?" అన్నాడు సార్.

టీచర్ హరిత వైపు చూసింది.

"మాకు ఇంకా తెలీదు సార్. ఇవి చదవాల్సినవి. తెలిసినవే చదివేదానికి పుస్తకం ఎందుకని మీరే అంటిరి కదా" అంది హరిత.

నారాయణప్ప సార్ మీసం మీదికి చెయ్యి పోయింది. రఘునాథ్ కట్టను ఒక అడుగు ముందుకు తోసి, "సార్, ఇది బిల్లు చేసేదా?" అన్నాడు.

"వద్దులే రఘునాథ్. అది లోపల పెట్టు. ఈ మధ్యలో కుప్ప కట్టు. ఆ వాన పుస్తకం కూడా ఎయ్యి."

"పుస్తకాలు తీసేటప్పుడల్లా పిల్లోళ్లేనా సార్ ఏరేది?" అంది హనుమంతమ్మ, గోడ వదిలి ముందుకొస్తూ.

"అన్యాను కదా మేడం. మళ్లీ నన్ను కూడా గోడకాడ నిలబెట్టొద్దండి."

పిల్లలు కేకలు పెట్టారు. రఘునాథ్ పురికొస తీశాడు. ఆ సందడిలో నారాయణప్ప సార్ ఎవరూ చూడకుండా వంగి, కుప్ప మీదనుంచి వేర్ల వంతెన పుస్తకం తీసి చంకలో పెట్టుకోబోయాడు. హరిత చూసింది.

"సార్, అది మేము ఇంకా చూడల్యా."

"రైల్లో చూసి ఇస్తానమ్మా."

"వచ్చే శనివారం ఆఖరి పీరియడ్‌కు రాండి సార్. అందరం కూసోని చూద్దాం."

సార్ హనుమంతమ్మ వైపు చూశాడు. ఆమె రఘునాథ్ పురికొస ముడి సరిగ్గా వేస్తున్నాడా లేదా అని మహా శ్రద్ధగా చూస్తోంది. ఆయన పుస్తకాన్ని తెచ్చి మళ్లీ కుప్ప మీద పెట్టాడు.